బావి గట్టు మీద చాప

ఇసుక తప్ప మరేమీ కనిపించని పెద్ద ఎడారి అంచున, మంచుకొండల నీళ్ళు నేల కింద కాలువలో పారి వచ్చి ఒక బావిలో పడేవి. ఆ బావి చుట్టూ ఖర్బూజా తోటలు. కాలువ తవ్వింది అక్కడి జంతువులే గానీ, బావి గట్టెక్కి కూర్చున్నవి మాత్రం తూర్పునేలే పులిదొర పంపిన నక్కలు. మూడుసార్లు వంగి దండం పెడితే ఒక గుక్క పోసేవి.

తుర్సున్ అనే గాడిదకు ఇది కడుపుమంట. చచ్చేలోగా ఒక్కసారైనా తన కాలువ నీళ్ళు తాను అడుక్కోకుండా తాగాలని దాని కోరిక.

ఒకసారి పులి తూర్పున ఏదో గొడవలో ఉండగా జంతువులన్నీ కలిసి నక్కల్ని తరిమేశాయి. కర్రకు నీలం గుడ్డ కట్టి, ఇక ఊరు మనదన్నాయి. మర్నాడే ఊరిపెద్ద ఎవరన్న తగువు మొదలైంది.

"ఊరిపెద్ద గంట నా మెడలో ఉండాలి" అంది బుగ్రా అనే ముసలి ఒంటె.

"ఎందుకు? మెడ పొడుగనా?" అంది తుర్సున్.

"నీ గొంతు విన్నాక ఇంకా గంట కూడానా?"

ఈ గంట గొడవలోనే నాలుగు నెలలు గడిచాయి. నక్కలు రెట్టింపు మందితో తిరిగొచ్చాయి. మళ్ళీ దండాలు.

పదేళ్ళకు ఉత్తరం నుంచి ఎలుగుబంటి దిగింది. "తమ్ముళ్ళూ, మీ కష్టం చూడలేక వచ్చాను" అని నక్కల్ని నాలుగు తన్ని తోలేసింది. తుర్సున్‌కు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. అతిథికి అన్నిటికంటే చల్లని చోట చాప పరచడం ఆ ఊరి మర్యాద. కూర్చున్నవాణ్ణి లెమ్మనడం మాత్రం మహాపాపం. చల్లని చోటంటే బావి గట్టే. తుర్సున్ స్వయంగా చాప పరిచి, ఖర్బూజా కోసి పెట్టింది.

గుల్నిసా అనే చిట్టి ఎడారి ఎలుక దాని చెవిలో గొణిగింది. "మావా, చాప ఆ మల్బరీ చెట్టు కింద వెయ్యరాదూ? నీళ్ళకు దారేదీ?"

"ఊరుకో అమ్మాయీ, చుట్టం వింటే పరువు పోతుంది!"

ఐదేళ్ళయినా ఎలుగు లేవలేదు. నీళ్ళు మాత్రం అడిగినన్ని పోసేది.

"ఇప్పుడూ అడిగే తాగుతున్నాం మావా" అంది గుల్నిసా.

"అడుగుతున్నాం గానీ దండం పెట్టట్లేదుగా!" అని తుర్సున్ దర్జాగా తోక ఊపింది.

ఈలోగా పులి తన గొడవ గెలిచి, ఎలుగుకు కబురంపింది. తేనెకొండ నీకు, బావి నాకు. ఎలుగు మూతి నాక్కుని జంతువులతో అంది: "పులి ఇప్పుడు చాలా మారిపోయింది. మీ పెద్దను పంపండి, మాట్లాడుకుంటే సరిపోతుంది."

వయసులో పెద్దని బుగ్రాయే మెడలో గంట కట్టుకుని వెళ్ళింది. తిరిగి రాలేదు. దారిలో కాలుజారి లోయలో పడిందన్నారు. గంట ఒక్కటే వచ్చింది. తుర్సున్ ఆ రోజు గడ్డి ముట్టలేదు. ఎంత పోట్లాడినా దానికి బుగ్రా అంటే ప్రాణం.

మర్నాడు ఎలుగు చాప మీంచి లేచింది. పులి కూర్చుంది.

"దొరా, ఆ చాప మాది" అంది తుర్సున్.

"ఎవరు కాదన్నారు? చాప మీదే, బావీ మీదే. ఊరిపెద్దవి కూడా నువ్వే!" పులి తన చేతులతోనే గంట దాని మెడకు కట్టింది. "దాహమేస్తే ఈ గంట వాయించు. వీలు చూసుకుని పోయిస్తా."

నాలుగు నెలలు పోట్లాడిన గంట మెడలోకి వచ్చింది. తుర్సున్ మధ్యాహ్నం దాకా కదలకుండా నిలబడింది. నాలుక పిడచకట్టుకుపోయాక మెల్లగా తల ఊపింది.

గంట ఖంగున మోగింది.

"పోన్లే మావా" అంది గుల్నిసా, "దండం పెట్టక్కర్లేదుగా!"

నీతి: మర్యాదకు పోయి మన గట్టు పరాయివాడికి అప్పగిస్తే, తర్వాత దాన్ని ఎవరికివ్వాలో కూడా వాడే తేలుస్తాడు.