గ్రహణాల లెక్క ఎవరికి రాలేదు?

“గ్రహణాల లెక్క అర్థం కానివాళ్లు లేవండి, కొలువు ఊడుతుంది!” అని రాజుగారి ఎదుట ఆస్థాన పండితుడు చండభట్టు అనగానే, పల్లె పంతులమ్మ నాంచారమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. మూడ్రోజుల శిక్షణలో ఆయన గొంతు జోలపాటలా సాగుతుంటే, దూలమ్మీది పావురాలతో సహా పంతుళ్లంతా మబ్బుల్లో తేలిపోయారు మరి.

అయినా లేచింది. “అయ్యా, పిల్లలకి లెక్క రాకపోతే తప్పెవరిది?”

“పంతులుదే! వాడి కొలువు పీకెయ్యాలి!”

“ఈ మూడ్రోజులూ మేం పిల్లలం, తమరు పంతులు. నాకు రాలేదయ్యా.”

వెనక నలభైమంది లేచారు. “మాకూ రాలేదు!”

రాజుగారు పకపకా నవ్వారు. “అయితే ఇకనుంచి నువ్వే చెప్పమ్మా” అని చండభట్టుని దించి ఆమెని పీఠమెక్కించారు.

కింద నలభై జతల కళ్లు కలలోలా ఆమెనే చూస్తున్నాయి. నాంచారమ్మ మాత్రం ఈ కథ చదువుతున్న మిమ్మల్నే అడుగుతోంది: “నాకే రాని లెక్క వీళ్లకి రాకపోతే ఈసారి ఊడేది నా కొలువే. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?”