మూడక్షరాల మాట

ఓబులేశుకు ఇంగ్లీషు వచ్చు. ఫోన్లో జనం రాసుకునే పొట్టి ఇంగ్లీషు మాత్రం రాదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

కదిరి దగ్గర కొండ పక్కన నారాయణప్ప స్వామి ఆశ్రమం. పై దేశాలవాళ్ళు కూడా వచ్చి, కొన్నాళ్ళుండి, వెళ్ళాక ఫోన్లో తమ కష్టసుఖాలు రాసేవాళ్ళు. స్వామికి ఇంగ్లీషు తెలీదు. అవి చదివి చెప్పడం, ఆయన చెప్పింది తిరిగి రాయడం శిష్యుడు ఓబులేశు పని. ఆశ్రమంలో అందరూ అతణ్ణి 'ఇంగ్లీషు సామి' అనేవాళ్ళు. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి లోపల హాయిగా ఉండేది.

ఒకరోజు పోలండు నుంచి మార్తా అనే ఆవిడ పెద్ద ఉత్తరం పెట్టింది. భర్తకు మతిమరుపు జబ్బు, తనను గుర్తుపట్టడం లేదు, ధ్యానానికి కూర్చుంటే ఏడుపొస్తోంది. ఇంతవరకూ అర్థమైంది. మిగతాదంతా పొట్టి మాటలు. స్వామికి చదివి చెప్పాలంటే మధ్యమధ్య తెలియదనాల్సి వస్తుంది. అందుకని ఆయనకు చెప్పకుండా, జవాబూ రాయకుండా ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకు ఆమె నుంచి మూడే అక్షరాలు వచ్చాయి. ఎన్వీఎం. నమస్కారాన్ని కుదించి అట్లా రాస్తారు కాబోలు అనుకున్నాడు. తనూ ఎన్వీఎం అని రాసి, పక్కన జోడించిన చేతుల బొమ్మ పెట్టాడు.

ఆమె మళ్ళీ రాయలేదు.

ఆ మాట అతనికి నచ్చింది. అందరికీ పెట్టే ప్రతి జవాబు చివరా అదే పెట్టసాగాడు. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన హరిణి అనే అమ్మాయి మెల్లగా అడిగింది.

"ఏమీ అనుకోకండి సామీ. మాకందరికీ జవాబుల చివర ఎన్వీఎం, అంటే 'నెవర్ మైండ్', 'పర్లేదులే, వదిలెయ్' అని ఎందుకు పెడుతున్నారు?"

ఓబులేశు ముఖం పాలిపోయింది. ఆ అమ్మాయికేం చెప్పాడో అతనికే గుర్తులేదు. కళ్ళముందు మార్తా ఒక్కటే ఉంది. ఆమె జవాబు కోసం చూసి చూసి, పర్లేదులే అంది. తనూ చేతులు జోడించి మరీ, వదిలెయ్ అన్నాడు.

స్వామి దగ్గరికెళ్ళి తలెత్తకుండా అంతా చెప్పాడు. ఫోను ఆయన ముందు పెట్టాడు.

"ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి సామీ. నాకు యోగ్యత లేదు."

స్వామి ఫోను ముట్టుకోలేదు. "సాయంత్రం భజనకు రా" అన్నాడు.

సాయంత్రం మండపం నిండా జనం. స్వామి రోజూ పాడే తత్వమే ఎత్తుకున్నాడు. మూడో చరణంలో ఒక మాట దగ్గర ఆగాడు. తంబురా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఈ మాటకు అర్థం నాకు తెల్దు. ఊరికే పాడుకుంటా వచ్చినా. మీలో ఎవురికన్నా తెలుసునా?"

ఓబులేశుకు చెవులు కాలిపోయాయి. తను చేసినదానికి స్వామి అందరి ముందూ తల వంచుకోవాల్సి వచ్చిందే అనుకుని నేలచూపు చూశాడు.

వెనక వరసలో ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"నాకూ తెల్దు సామీ. ఎన్నేండ్లుగానో అడగాలని ఉండె. అడిగితే ఏమనుకుంటారోనని భయపడితి."

"నాకూ అంతే" అంది ఒకామె. జనంలో చిన్నగా నవ్వులు లేచాయి. స్వామీ నవ్వాడు. అనంతపురంలో ఒక పంతులుగారున్నారు, ఆయన్ని కనుక్కుందాం అన్నాడు. ఆగినచోటి నుంచే మళ్ళీ పాడాడు. భజన అయ్యాక అందరూ రోజూలాగే ఆయన కాళ్ళకు మొక్కి వెళ్ళారు.

ఓబులేశు మండపం మెట్ల మీద కూర్చుని ఫోను తీశాడు. చాలాసేపు రాశాడు, చెరిపాడు, రాశాడు. తర్వాత స్వామి దగ్గరికొచ్చి తెలుగులో చదివి వినిపించాడు.

"అమ్మా, మీరు పెట్టిన మాట నమస్కారం అనుకున్నాను. దాని అర్థం నాకు తెలీదు. ముందు రాసిందాంట్లో కూడా సగం తెలీలేదు. తెలిసినట్టు ఉండిపోయాను. మీ ఆయన ఎట్లా ఉన్నారు? దయచేసి నాకు అర్థమయ్యేట్టు మళ్ళీ చెప్పండి."

స్వామి కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంగ్లీషులో 'నాకు తెలీదు' అనేదానికి పొట్టి మాట ఉందా?"

"ఉంది సామీ, ఐడీకే అని. ఇప్పుడే ఫోన్లో వెతికి తెలుసుకున్నా. అదీ మూడక్షరాలే. అదే రాసినా."

"అది తీసెయ్ నాయనా" అన్నాడు స్వామి. "నిండుగా రాయి."