పొగ రాని కుంపటి

నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే భోజన్న మంచి పనివాడే గాని, తొందర పుట్టిందంటే ఎవరి మాటా చెవికెక్కించుకునేవాడు కాదు.

చలికాలంలో బొమ్మలకు పూసిన చింతగింజల పూత ఎంతకీ ఆరేది కాదు. అందుకే షెడ్డులో గ్యాస్ హీటరు పెట్టాడు. అది వెలిగినంతసేపూ కిటికీ తెరిచే ఉంచేవాడు.

ఒకరోజు సాయంత్రానికి బొమ్మలు లారీకెక్కాలి. పొద్దున్నే సిలిండరు ఖాళీ అయింది. మరొకటి రేపుగాని రాదన్నారు. భోజన్న షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు.

"కిరసనాయిలు పొయ్యి పెడదామా?"

"మసి పడుతుంది బాపూ," అంది కూతురు వసంత.

"కట్టెలు?"

"ఆ పొగకు బొమ్మలు కాదు, ఎండుచేపలు తయారవుతాయి!"

"అయితే బొగ్గులే. పొగా లేదు, మసీ లేదు."

కుంపటి నిండా బొగ్గులు రాజేశాడు. తడి పూత మీద దుమ్ము వాలకుండా కిటికీ బిగించాడు.

"కాస్త గాలి ఆడనీయవయ్యా, పిల్ల లోపలుంది," అంది భార్య ముత్తవ్వ.

"దుమ్ము పడితే మళ్లీ నువ్వు పూస్తావా?"

ముత్తవ్వ ఇంట్లోకి వెళ్లిపోయింది.

భోజన్న కూతురిని బొమ్మలు తిప్పిపెట్టమని చెప్పి, తలుపు మూసి, వరండాలో కూర్చుని పెట్టెలకు మేకులు కొట్టసాగాడు.

"బాపూ, తల పగిలిపోతోంది."

"పనంటే చాలు, నీకు తలనొప్పి! ఆ ఏనుగులు తిప్పు."

"కడుపులో తిప్పుతోంది బాపూ..."

"అయిపోయింది, ఇంకొంచెం."

కాసేపటికి మళ్లీ కేకేశాడు. లోపలినుంచి జవాబు రాలేదు. అలిగిందనుకున్నాడు. ఇంకో మేకు కొట్టాడు.

ముత్తవ్వ చాయ్ తెచ్చింది. పిలిచింది. మళ్లీ పిలిచింది. గ్లాసు పారేసి తలుపు తోసింది. వసంత బొమ్మల మధ్య పడి ఉంది. ముత్తవ్వ కూతురి చంకల కింద చేతులు వేసి వరండాలోకి ఈడ్చింది.

"ఊపిరి తియ్యి బిడ్డా! తియ్యి!"

భోజన్న నోట్లో పట్టుకున్న మేకులు నేలమీద రాలాయి.

ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తారు. ఆక్సిజన్ పెట్టారు. "బొగ్గుల విషవాయువు కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు," అన్నాడు డాక్టరు.

లారీ ఖాళీగానే పోయింది. ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

పొద్దుగూకే వేళకు వసంత కళ్లు తెరిచింది.

"చెప్పాను కదా బాపూ," అంది.

భోజన్న తల వంచుకున్నాడు.

నీతి: ఎంత తొందర పనైనా ఆగుతుంది, ఊపిరి ఆగితే తిరిగి రాదు. పక్కనున్న మనిషి బాధగా ఉందని చెప్పినప్పుడు, చేతిలో పని వదిలి ముందు ఆ మాట వినాలి.