గడ్డిపరక బేరం

గోదావరి మధ్యలో ఉంది మా లంక. వరదలకు విసిగిన మనుషులు ఎప్పుడో గట్టు దాటి వెళ్లిపోయారు. వాళ్ల పాకలు మాకు మిగిలాయి. వాళ్ల అలవాట్లు కూడా మాకే మిగిలాయి. నేను కాకిని. ఎవరి జోలికీ పోను. చూసింది చెబుతాను, అంతే.

ఎద్దు మైలయ్య మా లంకకు పెద్దమనిషి. ఏ పనైనా నాలుగుసార్లు ఆలోచించి చేస్తాడని అందరూ మెచ్చుకుంటారు. మూడోసారి ఆలోచించేసరికే ఆ పని చెయ్యాల్సిన రోజు దాటిపోతుంది, అది వేరే సంగతి. ఆ ఏడు ఆయన మెడ మీద పాత కాడి పుండు మళ్లీ రేగింది. గడ్డివామి పల్లంలో ఉంది. శ్రావణంలో వరద వచ్చేలోగా ఆ గడ్డిని మిట్ట మీదికి చేర్చకపోతే ఏడాదంతా పస్తులే. ఒక్కడే మొయ్యలేడు. అందుకని ఒక గుర్రాన్ని కొందామనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చుక్కమ్మ ఏటిపాయ దాటి మా లంకకు వచ్చింది. నుదుట తెల్లచుక్క ఉన్న జట్కా గుర్రం. జట్కావాడు ఆటో కొనుక్కుని, "ఇక నీ దారి నువ్వు చూసుకో" అన్నాడట. ఎనిమిదేళ్లు అతని దారే చూసిన గుర్రానికి తన దారేదో ఏం తెలుస్తుంది? వానలకు ముందు తలమీద ఇంత కప్పు, కాళ్ల కింద పొడినేల దొరికితే చాలంది.

మా దగ్గర కొనడమంటే డబ్బు కాదు. కొనేవాడు ఒక గడ్డిపరకను నోట కరిచి అవతలివాళ్ల నోటికి అందించాలి. అందుకుంటే బేరం కుదిరినట్టే. ఆ రోజునుంచి పాకలో సగం, మేతలో సగం, చచ్చేదాకా.

బేరాలు కుదిర్చేది నక్క సూరయ్య. ఎద్దు పాకలో నక్క తినేది ఏముంటుంది, ఇతనికి దీంట్లో ఏం మిగులుతుంది అని మాలో ఒక్కరూ అడగలేదు. పెద్దమనుషుల్ని అలాంటివి అడగకూడదు కదా.

మైలయ్య మంచి పరక ఒకటి ఏరి పెదవుల మధ్య పెట్టుకుని వచ్చాడు. చుక్కమ్మ మెడ చాచింది.

"ఆగు బావా," అన్నాడు సూరయ్య. "చూడకుండా కొంటావా? వంకాయలైనా నొక్కి చూస్తారే!"

మైలయ్య పరకను నోటి మూలకు జరుపుకున్నాడు. "అదీ నిజమే."

సూరయ్య ఆమె పళ్లు చూశాడు, సుడులు చూశాడు, తోకెత్తి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. "పైకి బాగానే ఉంది. బరువు మోస్తుందో లేదో చూడాలి."

"నా గడ్డిమోపులున్నాయిగా, అవి మోయించి చూద్దాం," అన్నాడు మైలయ్య. అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "వద్దులే. కొనకముందే సొంత పని చేయించుకుంటే ఊరు ఏమనుకుంటుంది? నాకు న్యాయం ముఖ్యం."

మేక బుడ్డక్క వెంటనే ముందుకొచ్చింది. "నా అవిసె మండలు లంక ఆ చివర పడున్నాయి అన్నయ్యా. పరీక్షకు వాడుకో, నేనేమీ అనుకోను."

అలా చుక్కమ్మ బుడ్డక్క మండలన్నీ మోసింది. రెండు రోజులు పట్టింది.

"ఎలా ఉందే?" అని అడిగాడు మైలయ్య.

"బాగానే మోసింది. కానీ ఆకులు రాల్చింది," అంది బుడ్డక్క, రాలిన ఆకులు కూడా తింటూ.

గాడిద వీరాస్వామికి ఆ నడక చూసి కడుపు మండింది. "పొడినేల మీద ఎవరైనా నడుస్తారు. బురదలో నడిపించు పెద్దయ్యా, తెలుస్తుంది." తన పాకకు మెరక వేసుకోవడానికి ఏటి ఒండ్రు కావాలని మాత్రం అప్పుడు చెప్పలేదు. చుక్కమ్మ మూడు రోజులు ఒండ్రు మోసింది. నేను ఆమె వీపు మీద కూర్చుని అంతా చూశాను. కాకి బరువొక బరువా?

"తొందర ఎక్కువ," అని తేల్చాడు వీరాస్వామి. "నేనైతే ఇదే పని ఇరవై రోజులు చేస్తాను. దాన్నే నిదానం అంటారు."

చుక్కమ్మ ఊపిరి కూడదీసుకుంది. "మైలయ్యన్నా, ఇక ఆ పరక ఇస్తావా?"

మైలయ్య ఇవ్వబోయాడు. సూరయ్య ఆయన్ను పక్కకు పిలిచాడు.

"బావా, నీకు అనుమానం రావట్లేదా?"

"ఏం అనుమానం?"

"ఇన్ని చూశాం. ఒక్క లోపమూ బయటపడలేదు. అంటే లోపం ఎంత లోపల దాక్కుందో చూడు!"

ఈ మాట మైలయ్యకు బాగా నచ్చింది. పైకి కనిపించే సంగతులు అందరికీ అర్థమవుతాయి. కనిపించనివి అర్థమవ్వాలంటే పెద్దమనిషి కావాలి.

"ఆకలేస్తే తంతుందేమో చూడాలి," అన్నాడు సూరయ్య. మూడు రోజులు ఆమెకు మేత పెట్టలేదు. నాలుగో రోజు పొద్దున వెళ్లి పలకరించాడు. "ఏం చుక్కమ్మా, ఎవరినైనా తన్నాలనిపిస్తోందా?"

"ఎనిమిదేళ్లు కొరడా దెబ్బలు తింటూ కూడా తన్నలేదు మామా. ఇప్పుడు తన్నడానికి కాళ్లలో సత్తువేది?"

"చూశావా బావా, తెలివిగా మాట్లాడుతోంది," అన్నాడు సూరయ్య.

"అవునవును," అన్నాడు మైలయ్య దిగులుగా. "తెలివైనవాళ్లతో కష్టం."

అప్పటికే ఏరు ఎర్రబడింది. పైన ఎక్కడో గట్టిగా వాన పడింది. పల్లంలో గడ్డివామి అలాగే ఉంది. ఎండిన తాడిచెట్టు మీద రెండు రాబందులు వచ్చి కూర్చున్నాయి. సూరయ్య వాటితో కాసేపు మాట్లాడి వచ్చాడు. దూరపు చుట్టాలన్నాడు.

"మైలయ్యన్నా," అంది చుక్కమ్మ, "నన్ను తర్వాత కొందువుగానీ. ముందు ఆ గడ్డి మోసుకొస్తాను. రేపటికి నీళ్లొచ్చేస్తాయి."

మైలయ్య కదిలిపోయాడు. నిజంగా కదిలిపోయాడు, కళ్లలో నీళ్లు నేను చూశాను. పరక ఆమె నోటిదాకా తీసుకెళ్లాడు.

"ఇదొక్కటీ చూసేయ్ బావా," అన్నాడు సూరయ్య. "వరదలొచ్చే చోట ఉంటున్నాం. ఈత రాని గుర్రాన్ని కొంటే రేపు దాన్ని నువ్వు మొయ్యాలి. అవతలి ఒడ్డు తాకి రమ్మను. వస్తే పరక నీ చేత నేనే ఇప్పిస్తాను."

"మొన్న ఏటిపాయ దాటేగా వచ్చాను మామా!"

"అప్పుడు మేం చూడలేదుగా."

మైలయ్య పరకను మళ్లీ నోటి మూలకు జరుపుకున్నాడు. "ఇదొక్కటే చుక్కమ్మా. నాకోసం."

ఆమె ఏట్లో దిగింది. తిండి లేని ఒళ్లు, ఎర్రనీళ్లు, మధ్యలో కొట్టుకొస్తున్న దుంగలు. అయినా అవతలి ఒడ్డు తాకింది, తిరిగీ వచ్చింది. అది మా అందరి ముందే జరిగింది. కానీ వచ్చేటప్పుడు ఒక దుంగ ముందుకాలికి తగిలింది. ఇసుక మీద నాలుగడుగులు కుంటి కూలబడింది.

"చూశావా!" అన్నాడు సూరయ్య.

మైలయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. పది రోజులుగా ఆయన ముఖంలో అంత నిశ్చింత నేను చూడలేదు. "నాకు మొదటినుంచీ అనుమానమే. కాలు మంచిది కాదు. సమయానికి బయటపడింది గనుక సరిపోయింది."

చుక్కమ్మ ఆ పరక వంకే చూస్తోంది. మైలయ్య దాన్ని నమిలి మింగేశాడు. వృథా చెయ్యడం ఆయనకు ఇష్టముండదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె తల ఇసుక మీద వాల్చేసింది. రాబందులు చెట్టు దిగాయి.

"పళ్లు చూస్తారా?" అన్నాడు సూరయ్య మర్యాదకు.

"అక్కర్లేదు," అంది పెద్ద రాబందు. "నీ మాట మీద నమ్మకముంది."

వాళ్లు ఏ పరీక్షా పెట్టలేదు. లంకంతటిలో ఆమెను ఉన్నదున్నట్టు తీసుకున్నది వాళ్లే. కుదిర్చినందుకు సూరయ్యకు ఒక తొడ ఇచ్చారు. ఎద్దు బేరంలో నక్కకేం మిగులుతుందో అప్పుడు తెలిసింది మాకు. తెలిసి ఏం చేశామంటే, ఏమీ చెయ్యలేదు. బుడ్డక్క మండలు మిట్ట మీద భద్రంగా ఉన్నాయి. వీరాస్వామి పాక మెరక మీద ఉంది. నాకూ కాస్త మిగిల్చారు, అబద్ధమెందుకు.

సాయంత్రానికి నీళ్లు గడ్డివామి నడుము దాకా వచ్చాయి. మైలయ్య ఒక్కడే తడిసిన మోపు మెడకెత్తుకున్నాడు. పుండు పగిలింది. మిట్ట ఎక్కబోతూ ఒకసారి తూలాడు.

మిట్ట మీద సూరయ్య పంజాలు నాక్కుంటూ కూర్చున్నాడు. తూలడం చూసి లేచాడు. మైలయ్య చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు.

"మైలయ్య బావా," అన్నాడు ఎంతో ఆప్యాయంగా, "ఏదీ, ఆ మోపుతోనే నాలుగడుగులు ఇటు నడువు, చూస్తాను."

ఎండిన తాడిచెట్టు మీద రెండు మెడలు ముందుకు సాగాయి.

మా లంకలో పిల్లలకు ఈ కథ చెప్పి చివర ఒక్క మాట అంటాం: పక్కవాళ్ల కాళ్లను పరీక్షించేవాణ్ణి నెత్తిన పెట్టుకుంటే, మీ కాళ్ల వంతు కూడా వస్తుంది.