మోకాలు పట్టుకుని కుంటే మాంత్రికుడు

అనగనగా ఒక రాజుకు కుడి భుజం నొప్పి. రాజు పేరు మణికేతుడు. నొప్పంటే మామూలుది కాదు పిల్లలూ, అన్నం ముద్ద నోటికి ఎత్తలేనంత నొప్పి. ఆస్థాన వైద్యులు భుజానికి నూనె రాశారు, కాపడం పెట్టారు, పట్టు వేశారు. రాజు మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాడు.

చివరికి అడవిలో పసరు వైద్యం చేసే పేరవ్వను పిలిపించారు. ఆమె భుజం వైపు చూడనే లేదు. కుడి డొక్క కింద వేలితో నొక్కింది. రాజు కెవ్వుమన్నాడు.

"భుజం తప్పేం లేదు నాయనా. జబ్బు కాలేయంలో ఉంది. నొప్పి భుజంలో తెలుస్తోంది. దీనికి నీలివేరు కావాలి. అది ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడి తోటలో ఉంది. మూడు అమావాస్యలు దాటితే నేనేం చెయ్యలేను" అంది.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు సుధన్వుడు పేరవ్వ దగ్గర కూర్చుని, ఎక్కడ నొప్పి పుడితే ఎక్కడ వెతకాలో నేర్చుకున్నాడు.

"నువ్వూ పోతే నాకెవర్రా?" అన్నాడు రాజు.

"వేరు తెస్తాను నాన్నగారూ. అన్నయ్యల్నీ తెస్తాను" అని బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు, గోరు సలుపుతోందని ఏడుస్తోంది. సుధన్వుడు కాలంతా తడిమి చూస్తే, చంకలో గాలం గుచ్చుకుని ఉంది. దాన్ని తీసేశాడు. తాబేలు వీపెక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

మాంత్రికుడి తోటలో మూడు వందల చిలకలున్నాయి. వాటికి గింజలు వేస్తోంది, అక్కడ చెరలో ఉన్న రాజకుమారి హేమలేఖ.

అతను వచ్చిన పని విని, "ఆ రెండు రాళ్ళూ మీ అన్నలే" అంది ఆమె మెల్లగా. "మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. వేరేదాన్ని పట్టుకుంటే రాయైపోతారు. వాడు ఎడమ మోకాలు పట్టుకుని కుంటుతుంటాడు. మోకాలు వాచిన చిలకలు మూడున్నాయి. మీ అన్నలు చెరొకటి పట్టుకుని రాళ్ళయిపోయారు. ఇక మిగిలింది ఒక్కటే."

సుధన్వుడు తొందరపడలేదు. వైద్యుణ్ణని చెప్పి కరాళుడి దగ్గరికి వెళ్ళాడు. మోకాలు నొక్కాడు, వాడు ఉలకలేదు. తొడ పట్టుకుని తిప్పాడు, వాడు గిలగిల్లాడాడు.

"మందు నూరి తెస్తాను, కదలకుండా పడుకోండి" అని నేరుగా చిలకల దగ్గరికి వచ్చాడు. మోకాలు వాచినవాటిలో మిగిలినదాన్ని వదిలేశాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కొక్క చిలకనూ చూశాడు. ఒకటి జామపండు తింటూ, ఎడమ తుంటి కొమ్మకు తగలకుండా పక్కకు ఒరిగి కూర్చుంది. సుధన్వుడికి భయం వేసింది. అయినా పట్టుకున్నాడు. రాయి కాలేదు. ఈకల కింద, తుంటి దగ్గర, తుమ్మముల్లు.

కరాళుడు పరుగెత్తుకొచ్చాడు.

"మా అన్నల్ని మనుషుల్ని చెయ్యి. నీలివేరు ఇయ్యి. ఈమెను వదిలెయ్యి. మూడూ అయ్యాకే ముల్లు తీస్తాను" అన్నాడు సుధన్వుడు, చిలక మెడ మీద వేలు పెట్టి.

మూడూ అయ్యాయి. ముల్లు తీయగానే చిలక తుర్రుమంది. దాని వెనకే కరాళుడు తోటా మంత్రాలూ వదిలేసి పరుగెత్తాడు. ఇప్పటికీ పరుగెత్తుతూనే ఉన్నాడట.

మూడో అమావాస్యకు ముందురోజు నీలివేరు కషాయం రాజు గొంతులో పడింది. పదో రోజున ఆయన కుడిచేత్తో ముద్ద కలిపి, ముందు సుధన్వుడి నోట్లో పెట్టి ఏడ్చేశాడు.

హేమలేఖ ఇష్టపడి సుధన్వుణ్ణి పెళ్ళాడింది. తండ్రి తర్వాత అన్నలే పట్టుబట్టి తమ్ముణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా, అతను "ఎక్కడ?" అని అడిగి ఊరుకునేవాడు కాదు. సింహాసనం దిగి, వాళ్ళ వెంట ఇంటిదాకా వెళ్ళి చూసేవాడు. అలా అరవై ఏళ్ళు ఏలాడు.