కొమ్మన శెట్టి తెరవని తలుపు

అనగా అనగా, ఎండకు రాళ్లు పగిలే దేశంలో రవ్వలకోట అనే పట్నం ఉండేది. వేసవి వస్తే ఆ పట్నంలో కాకులు ఎగరవు. కుక్కలు మొరగవు. మధ్యాహ్నం వీధిలోకి వచ్చినవాడి నీడ కూడా వాడి కాళ్ల కిందే ముడుచుకుంటుంది.

అయినా అక్కడి పెద్ద దుకాణాలు మాత్రం చల్లగా ఉండేవి. ఎందుకంటే ఒక్కో దుకాణం కింద, నేలమాళిగలో, ఒక్కో చలిభూతం ఉండేది. వెనక సందులోని కంతలోంచి కట్టెలు వేస్తే అది తినేది. దుకాణంలోని వేడిని ముక్కుతో పీల్చి సందులోకి వదిలేది. చల్లని గాలిని పైకి ఊదేది. బాగా చూసుకుంటే కొద్దిపాటి కట్టెలతోనే సరిపెట్టుకునేది. ఎవరికీ హాని చేసేది కాదు.

ఆ దేశపు రాజు ఒక శాసనం వేయించాడు. "ప్రతి దుకాణదారూ ఏడాదికోసారి నేలమాళిగ తలుపు తన చేత్తో తెరిచి, భూతాన్ని మా అధికారికి చూపించాలి. అది ఎలా ఉందో, ఎంత తిని ఎంత చలువ ఇస్తోందో తేలాలి. ఆ రోజు దుకాణం మూసి ఉంచాలి. అడవి అందరిదీ. ఒక్క పుల్ల కూడా వృథా కాకూడదు."

రాజవీధిలో కొమ్మన శెట్టి పట్టుచీరల దుకాణం ఉండేది. ఊరందరికంటే తన దుకాణమే చల్లగా ఉండాలని శెట్టి పంతం. వీధి తలుపులు బార్లా తెరిచిపెట్టి, తాను ఎండ తగిలే గుమ్మం దగ్గర కూర్చునేవాడు. చల్లగాలి బయటికి వచ్చి, దారినపోయేవాళ్లను చెయ్యి పట్టుకున్నట్టు లోపలికి తీసుకొచ్చేది. వాళ్లకు చీరలు విప్పి చూపించేది శెట్టి భార్య సూరమ్మ.

పాత అధికారి ముసలివాడు. మెట్లు దిగలేక, గుమ్మంలో నిలబడి, "అంతా బాగుందిగా?" అని వెళ్లిపోయేవాడు. దాంతో శెట్టి కూడా కిందికి దిగడం మానేశాడు. మొదట్లో తీరిక లేక మానేశాడు. తర్వాత భయం వేసి మానేశాడు. నేల కిందనుంచి ఏదో మూలుగు వినబడేది మరి.

"ఏమండీ, ఓసారి దిగి చూడండి. అది బాధపడుతోంది" అనేది సూరమ్మ.

"పెళ్లిళ్ల కాలం. ఇప్పుడు దుకాణం మూస్తే జనం పక్క వీధికి పోతారు" అనేవాడు శెట్టి. కంతలో ఇంకో మోపు వేయించేవాడు.

ఆ ఏడు ముసలి అధికారి స్థానంలో ప్రోలాంబ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ నవ్వదు, కసరదు. చూడవలసింది చూసేదాకా కదలదు.

"శెట్టిగారూ, తలుపు తెరవండి" అంది ప్రోలాంబ.

"తాళంచెవి పోయిందమ్మగారూ! వెతికిస్తున్నాను" అన్నాడు శెట్టి. తాళంచెవి అతని మొలలోనే ఉంది.

ప్రోలాంబ దుకాణంలోని దీపం వైపు చూసింది. వత్తి వెలుగుతోంది. కానీ మంట నీలంగా ఉంది. ఆవిడ దాని మీద వేలు పెట్టింది. కాలలేదు.

"పున్నమికి మళ్లీ వస్తాను. అప్పటికి దొరకాలి" అని వెళ్లింది.

ఆవిడ వెళ్లగానే శెట్టి తాపీవాణ్ణి పిలిపించాడు. నేలమాళిగ తలుపు మీదుగా గోడ కట్టించి, సున్నం కొట్టించాడు. సూరమ్మ వద్దని చెప్పబోయింది. నోరు తెరిస్తే మాట రాలేదు. తెల్లని ఆవిరి మాత్రం వచ్చింది, మండువేసవిలో.

పున్నమికి ప్రోలాంబ వచ్చింది.

"మా దగ్గర భూతమూ లేదు, తలుపూ లేదు. గోడలు మందం కనుక చల్లగా ఉంటుంది" అన్నాడు శెట్టి.

ప్రోలాంబ కొత్త గోడకు చెవి ఆనించింది.

"శెట్టిగారూ, మీ గోడ ఊపిరి పీలుస్తోంది" అంది మెల్లగా. "రేపటినుంచి దుకాణం మూసెయ్యండి. ఇది రాజాజ్ఞ." గుమ్మానికి రాజముద్ర వేసిన పలక తగిలించి వెళ్లింది.

శెట్టి ఆ పలక మీద ఒక ఎర్రపట్టుచీర కప్పాడు. మర్నాడు దుకాణం తెరిచాడు.

ఆ మధ్యాహ్నం దుకాణం కిటకిటలాడింది. కానీ చప్పుడు లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే చీరల మధ్య కూర్చున్నారు. ఎవరూ బేరం ఆడలేదు. ఎవరూ లేచి వెళ్లలేదు. ఒక తల్లి ఒళ్లోని బిడ్డ కళ్లు తెరిచే ఉన్నాడు, ఏడవడం లేదు. కనురెప్పల మీద మంచు సన్నగా పేరుకుంది. "ఏం కావాలమ్మా?" అని శెట్టి అడిగితే అందరూ ఒక్కసారే తలతిప్పి చూశారు. మళ్లీ ఒక్కసారే తల తిప్పుకున్నారు.

అదే సమయానికి ప్రోలాంబ గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మగారూ, మీకు నచ్చిన పట్టుచీర తీసుకోండి. ఈ ఒక్క ఏడూ వదిలెయ్యండి" అన్నాడు శెట్టి.

ప్రోలాంబ రాజముద్ర పలక మీది ఎర్రచీర తీసి పక్కన పెట్టింది. అప్పుడు సూరమ్మ లేచింది. మాట పోయిన మనిషి, ఏం చెప్పగలదు? మొగుడి దగ్గరికి వచ్చి, అతని అరచెయ్యి తీసుకొని తన చెంపకు ఆనించుకుంది.

ఆ చెంప రాయిలా ఉంది. కొలను అడుగునుంచి తీసిన రాయిలా ఉంది.

శెట్టి పెద్దగా ఏడుస్తూ పలుగు తెచ్చాడు. తన గోడ తానే పగలగొట్టాడు. మొలలోని తాళంచెవి తీసి తలుపు తెరిచాడు.

"మీరే ముందు దిగాలి శెట్టిగారూ. నేను వెనకే ఉంటాను" అంది ప్రోలాంబ, దీపం పట్టుకొని.

కింద పెద్ద దూదిగుట్టలాంటిది కనిపించింది. ఆ గుట్ట లేస్తోంది, పడుతోంది. చీరలనుంచి రాలిన నూగు, పీచు, దుమ్ము ఏళ్ల తరబడి దాని ముక్కులో, నోట్లో, కళ్లలో పేరుకుపోయాయి. ఆ నూగులోంచి ఒక సన్నని గొంతు వచ్చింది.

"అయ్యా, ఊపిరాడటం లేదు. ఎంత తిన్నా సత్తువ లేదు. పైన తలుపులు తెరిచిపెట్టి వీధినంతా చల్లబరచమన్నావు. ఇంకా చలి కావాలన్నావు. కట్టెలు చాలలేదు. అందుకని మనుషుల్లోని వెచ్చదనం తిన్నాను."

"అంత కష్టంగా ఉంటే నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు శెట్టి.

"రోజూ చెప్పాను. నువ్వు గోడ కట్టావు."

శెట్టి మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులతో నూగు లాగడం మొదలుపెట్టాడు. గోళ్లు చిట్లాయి, ఆపలేదు. ముక్కు తెరుచుకునేసరికి భూతం ఒక్క దీర్ఘశ్వాస తీసింది. నేల అదిరింది. తర్వాత అది తిన్నదంతా మెల్లగా పైకి వదిలింది. వెచ్చని గాలి మెట్లెక్కిపోయింది.

పైన బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. "అయ్యో, పొయ్యి మీద అన్నం పెట్టొచ్చాను!" అంటూ ఎవరో లేచారు. జనం ఒకరినొకరు తోసుకుంటూ ఎండలోకి పరుగెత్తారు.

శెట్టి పైకి వచ్చేసరికి సూరమ్మ చెంపల మీద ఎరుపు తిరిగింది. గొంతు పెగల్చుకొని ఆవిడ అన్న మొదటి మాట ఇది: "ముందు ఆ వీధి తలుపులు మూయండి."

దుకాణం ఆ వేసవంతా మూసే ఉంది. రాజు వేసిన ఆ శిక్షకు శెట్టి ఎదురు చెప్పలేదు. మళ్లీ తెరిచాక భూతం పాత తిండిలో నాలుగోవంతు కూడా తినలేదు. దుకాణం మునుపంత చల్లగా లేదు. హాయిగా ఉంది, అంతే. జనం వచ్చారు, బేరాలాడారు, ఇళ్లకు వెళ్లారు.

కానీ సూరమ్మ కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ ఎన్నడూ వేడెక్కలేదు. బేరం లేనప్పుడు శెట్టి ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని కూర్చునేవాడు.

పిల్లలూ, కనబడకుండా మనకు సుఖమిచ్చేదాన్ని వేళకు తలుపు తీసి పరీక్షించుకోవాలి. చూడడానికి భయపడి దాచిపెడితే, ఆ సుఖమే మన సొంతవాళ్లను తినేస్తుంది.