ఈలమ్మ మిట్ట మీద ముగియని ఆట

కొర్రలదిన్నె గ్రామానికి తూర్పున, బస్సు దిగిన చోటి నుంచి పావుగంట నడకలో ఈలమ్మ మిట్ట ఉన్నది. పైభాగం పళ్లెం బోర్లించినట్టు చదునుగా ఉంటుంది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఎత్తయిన ఇనుప వస్తువేదీ ఈ మిట్ట మీద నిలపరాదని ఊరి కట్టడి. నడుమెత్తు రాతిగూటిలో అమ్మ కొలువై ఉన్నది. గంట ఉండవలసిన చోట దారాలకు కట్టిన ఈలలు వేలాడుతుంటాయి. ఇత్తడివీ ఉక్కువీ ఉన్నాయి, తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ చిలకలూ ఉన్నాయి. భక్తులు ఈల ఊది దణ్ణం పెట్టుకుంటారు. మొదటిసారి వచ్చినవారికి నవ్వు వస్తుంది. నవ్వితే దోషమేమీ లేదు.

విగ్రహం ఒక కాలు ముందుకు వేసి, నడుము వంచి, రెండు చేతులతో పట్టిన వంకీ కర్రను నేలకు ఆనించి ఉంటుంది. కర్ర ముందు నిమ్మకాయంత గుండు ఉంటుంది. దూరపు యాత్రికులు కొందరు ఆ కర్రను కొడవలి అనుకొని, పంటల తల్లి అని మొక్కి, నాలుగు గింజలు చల్లి పోతుంటారు. అది హాకీ కర్ర. ఆ గుండు బంతి. గూటికి ఎడమ పక్క బండ మీద సున్నంతో 1–1 అని రాసి ఉంటుంది. ఏటేటా దానికి కొత్త సున్నం పూస్తారు. అదేమిటో తరువాత తెలుస్తుంది.

పూర్వం అనగానే కృతయుగం దాకా పోనక్కరలేదు. ఆ కాలాన్ని కళ్లారా చూసినవారు ఇప్పటికీ ఊళ్లో ఆకువక్క నములుతూనే ఉన్నారు. అప్పట్లో ఈ మిట్టకు పేరు లేదు. పగలు గొర్రెలు మేసేవి. సాయంత్రం బడిపిల్లలు హాకీ ఆడేవారు. ఆడించేవాడు డ్రిల్లు మాస్టారు దూదేకుల హుస్సేనప్ప.

హుస్సేనప్ప మాస్టారు నియమాల మనిషి. హాకీ నియమాల పుస్తకానికి అట్ట వేసి జేబులో పెట్టుకొని తిరిగేవాడు. పెళ్లి పంక్తిలో పప్పుకు ముందు పెరుగు వడ్డిస్తే ఈల ఊదుతాడని ఊళ్లో ఎగతాళి చేసేవారు. మనసు వెన్న, పట్టు మాత్రం ఉడుంపట్టు. పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు ఆట నేర్పుతున్నా ఒక్కరూ రాష్ట్ర జట్టు గుమ్మం తొక్కలేదు. ఆ లోటు ఆయనను లోపల తొలుస్తుండేది.

ఒకనాడు మాస్టారు మిట్ట ఎక్కుతుండగా ఒక మేకపిల్ల వేరుశనగ చేలోకి దూకబోయింది. కాస్తున్న పదేళ్ల పిల్ల చేతిలోని దోటికర్రను నేలబారుగా పరిచి దానికి అడ్డం వేసింది. మేకపిల్ల ఆగిపోయింది. ఇంకో వైపు ఉరికితే కర్ర అప్పటికే అక్కడ ఉన్నది. మాస్టారు సంచిలోని బంతి తీసి ఆమె వైపు కొట్టాడు. బంతి కర్రకు తగిలి, జిగురుతో అంటించినట్టు అక్కడే నిలిచింది. ఆయన ఇరవైసార్లు కొట్టాడు, ప్రతిసారీ మునుపటికంటే గట్టిగా. ఇరవైసార్లూ నిలిచింది. ఆ పిల్ల పేరు మారెక్క. కురుబ కరియప్ప కూతురు.

మాస్టారు ఆ రోజే కరియప్ప ఇంటికి పోయి అడిగాడు. కరియప్ప తల గోక్కున్నాడు.

“ఆడబిడ్డ కట్టె పట్టుకొని ఎగిరితే రేపు ఎవురు సేసుకుంటారు సామీ?”

“గొర్రెలు కాసేకి పట్టుకునేదీ కట్టే కదప్పా,” అన్నాడు మాస్టారు. “దీనికి వంకర కొంచెం ఎక్కువ, అంతే.”

కరియప్ప నవ్వి ఒప్పుకున్నాడు. సాయంత్రం ఆట ముగిసిన ఈల మోగగానే మారెక్క మిట్ట మీది గొర్రెలను ఇంటికి తోలుకు రావాలని ఒక్క షరతు పెట్టాడు. ఆరేళ్లపాటు అలాగే జరిగింది.

హాకీ తెలియని భక్తుల కోసం ఒక మాట చెప్పవలసి ఉన్నది. పెనాల్టీ కార్నర్ అని ఒకటి ఉంటుంది. గోలు గీత నుంచి ఒకరు బంతిని తోస్తారు. అర్ధచంద్రపు గీత దగ్గర రెండోవారు దాన్ని ఆపుతారు. మూడోవారు కొడతారు. పేరు కొట్టినవారిది, పాటు ఆపినవారిది. బంతి కదలకుండా నిలిస్తేనే ఆ దెబ్బకు విలువ. మారెక్క ఆ రెండో స్థానంలో నిలిచేది. ఆమె ఆపిన బంతిని గుడ్డివాడైనా గోలులోకి కొట్టగలడని మాస్టారు అనేవాడు. ఈ కార్నర్‌కు ఒక నియమం ఉన్నది. ఒకసారి ఇచ్చాక, ఆట సమయం అయిపోయినా సరే, దాన్ని ఆడి తీరాలి. అది ముగిసేదాకా ఆట ముగిసినట్టు కాదు. ఆ నియమమే ఈ స్థలానికి మూలం.

మారెక్కకు పదహారో ఏడు నడుస్తుండగా, కృత్తిక కార్తెలో ఒక ఆదివారం, జిల్లా నుంచి ఇద్దరు పెద్దలు ఆటగాళ్లను ఎంపిక చేయడానికి వచ్చారు. కొర్రలదిన్నె అమ్మాయిలకూ పక్క ఊరి అమ్మాయిలకూ పోటీ పెట్టారు. రావలసిన అంపైర్లకు బస్సు దొరకలేదు. హుస్సేనప్ప మాస్టారే ఈల పట్టుకున్నాడు. ఈ రోజు దాటితే మారెక్కను చూసే కళ్లు మళ్లీ ఎప్పుడు వస్తాయోనని ఆయన భయం.

రెండు జట్లూ చెరొక గోలు వేశాయి. ఆట చివరికి వచ్చేసరికి దక్షిణాన మబ్బు కమ్మి, గాలి చల్లబడింది. ఎంపిక పెద్దలు కుర్చీలు మడిచారు.

“ఆపేయండి మాస్టారూ. మేము చూడాల్సింది చూసినాం,” అని పెద్దాయన కేకవేశాడు.

తప్పించుకొని పోవడానికే అలా అంటున్నారని మాస్టారు అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే కొర్రలదిన్నెకు కార్నర్ దొరికింది. కార్నర్ అంటే మారెక్క ఆపడం. దాన్ని చూపించకుండా వారిని పంపడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. “ఇచ్చేసినాను సార్. ఇచ్చినాక ఆడించల్ల. పుస్తకంలో ఉండాది,” అని జేబు తట్టి చూపించాడు.

అమ్మాయిలు తమ తమ చోట్లకు పోయారు. మారెక్క గీత దగ్గర నిలిచి మాస్టారి వైపు తిరిగింది.

“సార్, ఉరుముతాండాది.”

“ఒక్క బంతి, మారెక్కా. నిలుపు.”

ఆమె కాలు ముందుకు వేసి, నడుము వంచి, కర్రను నేలకు ఆనించింది. మాస్టారు ఈల పెదవుల మధ్య పెట్టుకున్నాడు. ఊదక ముందే పిడుగు పడింది. మిట్ట మీద ఉన్నవారందరూ పడిపోయారు. ఒకరి తరువాత ఒకరు లేచారు. మారెక్క లేవలేదు.

మరునాడు ఎంపిక పెద్దాయన కరియప్ప గుడిసెకు వచ్చి, తడిసిన కాగితం ఒకటి విప్పి అక్కడున్న మాస్టారికి చూపించాడు. అందులో మొదటి పేరు మారెక్కది. ఆట సగంలోనే రాశానని ఆయన చెప్పాడు. అంటే ఆ కార్నర్ ఆడించవలసిన పని లేదు. ఆ కాగితం చూసి మాస్టారు ఏడ్చిన ఏడుపు ఊరు నేటికీ మరిచిపోలేదు. ఆయన కరియప్ప కాళ్ల దగ్గర కూలబడి, తనను కొట్టమని అడిగాడు.

“పిడుగును నువ్వు పిలిసినావా సామీ?” అన్నాడు కరియప్ప. ఆయనను రెండు చేతులతో లేవనెత్తి, “అయితే బిడ్డ సెప్పింది గదా. సెప్పినప్పుడు ఇనింటే బాగుండు,” అన్నాడు.

కరియప్ప కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాస్టారు తట్టుకునేవాడేమో. ఆయన నేరుగా మిట్ట ఎక్కి, ఈలను బండల నెర్రెలోకి విసిరేశాడు. బడిలో డ్రిల్లును చప్పట్లతో నడిపాడు. మిట్ట మీద ఆట ఆగిపోయింది. రెండేళ్లు అలా గడిచాయి.

మూడో ఏడు, అదే కార్తెలో, కరియప్ప మిట్ట మీద గొర్రెలు మేపుతున్నాడు. నెర్రెలో కాలు ఇరుక్కున్న గొర్రెపిల్లను లాగుతుంటే అతని చేతికి ఈల తగిలింది. మట్టి తుడిచి, పలుకుతుందో లేదో చూద్దామని ఊదాడు. పలికింది. వెంటనే ముసలి గొర్రెలు నాలుగు తలలెత్తి మిట్ట దిగసాగాయి. మంద మొత్తం వాటి వెంట పడింది. ఆ ఈల మోగితే ఇంటికి పోవాలని మారెక్క ఆరేళ్లు వాటికి అలవాటు చేసింది. ఇంకా పొద్దుందే, ఈ దయ్యాలకేమొచ్చిందని తిట్టుకుంటూ కరియప్ప వెనక పరుగెత్తాడు. అతను చివరి బండ దిగాడో లేదో మిట్ట నడిమధ్య పిడుగు పడింది. గొర్రెలకు రెండేళ్ల జ్ఞాపకం ఉంటుందా అని కొందరు చదువుకున్నవారు అడుగుతుంటారు. అది పశువైద్యులు తేల్చవలసిన సంగతి. గొర్రెలు దిగిన మాట నిజం, కరియప్ప బతికిన మాట నిజం.

అతడు ఈలను మాస్టారి చేతిలో పెట్టాడు. మరునాడు మధ్యాహ్నం భోజనమయ్యాక మాస్టారికి కునుకు పట్టింది. ఆ కునుకులో మారెక్క కనిపించింది. అదే చోట, అలాగే వంగి, కర్ర నేలకు ఆనించి ఉన్నది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

“కార్నర్ నేను సూసుకుంటా సార్. ఈల మాత్రం మీ ఒక్కరి కాడ పెట్టుకోవాకండి. ఉరుము ఎవురికి ముందు ఇనపడితే వాళ్ల కాడుండల్ల.”

మాస్టారు లేచి ముఖం కడుక్కొని ఊరిని కూడగట్టాడు. మిట్ట మీద ఈల వేలాడదీయాలనీ, ఉరుము వినగానే ఎవరైనా దాన్ని ఊదవచ్చనీ, ఊదితే ఆటైనా కోతైనా ఆగి అందరూ దిగి బడి భవనంలోకి పోవాలనీ చెప్పాడు. మిట్ట వార వేరుశనగ చేలున్న రామిరెడ్డికి అది నచ్చలేదు.

“ఎవురు బడితే వాళ్లు ఊదితే పనులెట్ట జరుగుతాయి మాస్టారూ? పెద్దోళ్లు ఊదితే సరి.”

“ఆ రోజు పెద్దోడి నోట్లోనే ఉండింది రెడ్డీ ఈల,” అన్నాడు మాస్టారు. “సెప్పినప్పుడు ఇనింటే బాగుండునని కరియప్ప నాతో అన్నాడు. ఆ మాట ఇంక ఈ ఊర్లో ఎవురూ ఎవురితోనూ అనేపని రాగూడదు.”

రామిరెడ్డి సరేనన్నాడు. మారెక్కను ఆమె నిలిచిన తీరులోనే చెక్కించి, ఈలమ్మగా మిట్ట మీద నిలపాలని ఊరు నిశ్చయించింది. విగ్రహానికి రాయి తోలిన బండి అతనిదే. చెక్కిన శిల్పి హాకీ ఆట చూసినవాడు కాదు. దేవత అన్నాక నాలుగు చేతులైనా ఉండకపోతే ఎలా అని పట్టుబట్టాడు. మాస్టారు నియమాల పుస్తకం తీశాడు. “రెండే. రెండూ కర్ర మీదనే ఉండల్ల,” అన్నాడు. ఆ ఒక్కచోట మాత్రం ఆయన పట్టే నెగ్గింది.

బతికినన్నాళ్లు మాస్టారే గూటి వద్ద దీపం పెట్టాడు. కొబ్బరికాయ ఆయనే కొట్టేవాడు, ఫాతెహా ప్రార్థన ఆయనే చదివేవాడు. ఇప్పుడు ఆయన ఇంటివారూ కరియప్ప ఇంటివారూ వంతులవారీగా చేస్తున్నారు. ఊళ్లో ఎవరి మాట తక్కువగా వినబడుతుందో వారికి ఈలపై మొదటి హక్కు ఉండాలని మాస్టారు చేసిన ఏర్పాటు. అందుచేత ఏటేటా ఊరికి కొత్తగా వచ్చిన కోడలికి అత్తగారింట ఒక ఈల ఇస్తారు. దాన్ని ఆమె మంగళసూత్రంతో పాటు మెడలో వేసుకోవచ్చు. ఆమె ఊదితే మామగారైనా పార కింద పెట్టి రావలసిందే. ఉరుము కాకుండా విమానం పోయిన చప్పుడుకు ఊదినా ఎవరూ కోపగించరాదు. అలా రెండుసార్లు జరిగింది. ఊరంతా బడి వరండాలో కూర్చొని బొరుగులు తిని ఇళ్లకు పోయారు.

ఈ తల్లిని కొలిచినవారి మిట్ట మీద పిడుగు పడదని మేము చెప్పము. పడుతుంది. మొన్న కూడా పడింది. పడిన వేళ అక్కడ మనిషి ఉండడు, గొర్రె ఉండదు. ఆమె ఇచ్చే వరం అదే. ఈల కట్టి మొక్కుకున్నవారి బిడ్డలు పొద్దుగుంకేలోగా ఇల్లు చేరుతారనీ, చెప్పిన మాట వినే మనుషులు ఇంట్లో దొరుకుతారనీ కూడా నమ్మకం. రెండోది కొంచెం ఆలస్యంగా ఫలిస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు.

ఏటా కృత్తిక కార్తె మొదటి ఆదివారం ఉత్సవం జరుగుతుంది. రెండు ఊళ్ల అమ్మాయిలు మిట్ట ఎక్కి కార్నర్‌కు నిలుస్తారు. తోసే అమ్మాయి గోలు గీత మీద బంతి పెడుతుంది. కొట్టే అమ్మాయి కర్ర ఎత్తుతుంది. వారిద్దరి మధ్య, ఆపవలసిన చోట, ఎవరూ నిలవరు. అందరూ ఆకాశం వైపు చూస్తారు. కొత్త కోడలు ఈల ఊదుతుంది. బంతి తోయకుండానే అందరూ దిగిపోతారు. బండ మీది 1–1కి సున్నం పూసి కరియప్ప మనుమలు చివరగా దిగుతారు.

గెలిచిందెవరని అడిగే యాత్రికులకు ఇచ్చే సమాధానం ఒకటే. ఆ కార్నర్ ఇంకా ఆడలేదు. నియమం ప్రకారం అది ఆడేదాకా ఆట ముగియదు. ఆట ముగియనిదే ఆడేవారు మైదానం విడిచిపోరు. హుస్సేనప్ప మాస్టారు కన్నుమూసేదాకా ముగింపు ఈల ఊదలేదు. కరియప్పకు నియమాలేవీ తెలియవు. కానీ తెలియనివారెవరైనా నీ కూతురు ఏం చేస్తుందని అడిగితే, మిట్ట వైపు చూసి ఒక్క మాటే చెప్పేవాడు.

“ఆడతాండాది.”